రెండిళ్లలోనూ పొమ్మన్నారు

ఆ గేటు ముందు నిలబడగానే ఆమె కుడితి బకెట్ తెచ్చి నా కాళ్ల దగ్గర కుమ్మరించింది. చేయి జారి కాదు, కావాలనే. చెప్పులూ చీర కుచ్చిళ్లూ తడిసిపోయాయి.

“ఎవరు పంపిన్రు నిన్ను?” అని అడిగింది.

“బడి నుంచి చెప్పిన్రు అక్కా. పాప సంగతి మాట్లాడదామని వచ్చిన.”

“నా బిడ్డకేం కాలే. నా కొడుకు సచ్చిండు. వాణ్ని తీసుకొస్తవా? తెస్తనంటే లోపలికి రా. లేకుంటే పో.”

గేటు నా ముఖం మీదే మూసింది. లోపల కొట్టంలో బర్రెలు అరుస్తున్నాయి. గల్లీలో మెట్ల మీద కూర్చున్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. కాళ్లు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు ఇస్తామని ఒక్కరూ అనలేదు. తడిసిన చీరతోనే ఉప్పుగూడ స్టేషన్ దాకా నడిచాను.

చావులు, ప్రమాదాలు, కొట్లాటలు కళ్లారా చూసిన పిల్లలతోనూ, వాళ్ల ఇంటివాళ్లతోనూ మాట్లాడటం నా ఉద్యోగం. అఫ్జల్‌గంజ్‌లో ఒక పాత మేడ మీద మా సంస్థకు చిన్న ఆఫీసు ఉంది. పాతబస్తీ బడులవాళ్లు ఎవరైనా పిల్ల మాట మానేసిందనో, పిల్లవాడు క్లాసులో వణికిపోతున్నాడనో చెబితే మేం వెళతాం. మేం వస్తే సంతోషపడే ఇల్లు నేనైతే ఎక్కువగా చూడలేదు. బాధలో ఉన్నవాళ్లు మెత్తబడతారని బయటివాళ్లు అనుకుంటారు. నేను చూసినంతలో చాలామంది గట్టిపడిపోతారు.

ఈసారి బడివాళ్లు చెప్పింది ఇద్దరు ఆడపిల్లల గురించి. ఇద్దరిదీ నాలుగో తరగతి, ఒకే బెంచీ. ఒకమ్మాయి తల్లి చేతి అన్నం ముట్టడం లేదు, తల్లితో మాట్లాడటం లేదు. రెండో అమ్మాయి ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం, వాళ్లిద్దరూ ఇంటికి వస్తున్న బడి ఆటో రైలు పట్టాల కింది దారిలో ఒరిగిపోయింది. నీళ్లు నిండి రోడ్డు కనిపించడం లేదు. పక్కనున్న మురుగునీటి నాలా మీద కప్పిన బండ కొట్టుకుపోయిందని డ్రైవర్‌కు తెలియలేదు. ముందు చక్రం అందులో దిగబడింది. చివర కూర్చున్న ఒకటో తరగతి పిల్లవాడు నాలాలో పడి కొట్టుకుపోయాడు. మిగతా పిల్లల్ని దారిన పోయేవాళ్లు బయటికి లాగారు.

చనిపోయిన పిల్లవాడిది ఆ గల్లీలో తరాలుగా పాల వ్యాపారం చేస్తున్న కుటుంబం. అన్నం ముట్టని అమ్మాయి వాడి అక్క. మాట మానేసిన అమ్మాయి డ్రైవర్ కూతురు. రోజూ తండ్రి పక్కన ముందు సీటు అంచు మీద కూర్చుని వచ్చేది. ఆ డ్రైవర్ ఏళ్లుగా ఆ గల్లీ పిల్లలందరినీ బడికి దింపిన మనిషి. హిందువులూ, ముస్లిములూ, చర్చికి పోయేవాళ్లూ అందరూ అతణ్ని భాయ్ అనే పిలిచేవారు. ఆ సాయంత్రం తర్వాత ఆ మాట ఎవరి నోటా వినబడలేదు. ఫోన్ మాట్లాడుతూ నడిపి పిల్లవాణ్ని చంపాడన్నారు. పోలీసులు తీసుకెళ్లారు. “ఇంటి నుంచి నా భార్య ఫోన్ చేసింది, ఎత్తాను, తప్పు నాదే” అని అతను ఒప్పుకున్నాడు. ఫోను నాలాలో పోయింది. ఎవరు చేశారో రికార్డు కూడా తీయకుండా పోలీసులు అంతటితో ఊరుకున్నారు. అతను జైలుకు పోయాడు.

పాలవాళ్ల ఇంటి నుంచి తరిమేశాక నేను డ్రైవర్ ఇంటికి వెళ్లాను. రెండు ఇళ్ల మధ్య నాలుగు అడుగుల సందు మలుపే. అతని భార్య తలుపు సగమే తెరిచింది. ఆమె మాట్లాడింది దక్కనీ ఉర్దూ. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు, క్వార్టర్స్ పిల్లలందరం ఆ భాషలోనే కొట్లాడుకునేవాళ్లం. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“పోలీసుల మనిషివా?”

“కాదు ఆపా.”

“పేపర్ మనిషివా?”

“కాదు. పిల్ల కోసం వచ్చాను.”

“పాలోళ్ల గేటు ముందు నిన్ను చూసినా. అక్కడికి పోయే మనిషి ఇక్కడికి రావద్దు.”

మర్నాడు నా కాళ్ల మీద కుడితి పోసిన పాలవాళ్ల కోడలు సరిగ్గా ఇదే మాట గేటు సందులోంచి అన్నది. “ఆ ఇంటికి పోతున్నవంట. మా వాణ్ని సంపినోళ్లకు మంచిమాటలు చెప్తున్నవా? పైగా నువ్వు కిరస్తానీ దానివంట. ఏం, మా ఇంట్ల ఏడుపుంటే మతం మార్పియ్యొచ్చని వచ్చినవా?”

నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ చనిపోయినప్పుడు కూడా నేను చర్చికి సరిగ్గా పోలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాల్సిన పని లేదు కాబట్టి చెప్పలేదు. “పాపను బడిలో కలుస్త. నువ్వు వద్దంటే కలవను” అన్నాను. ఆమె వద్దనలేదు, సరేననలేదు. ఉమ్మేసి లోపలికి పోయింది.

ఆ రోజుల్లోనే ఎక్కడి నుంచో కొందరు కుర్రాళ్లు బైకుల మీద వచ్చారు. పిల్లవాడి ఫోటో ఇస్తే బ్యానర్ కొట్టించి ఊరేగింపు తీస్తామన్నారు. డ్రైవర్ ఏ మతమో వాళ్లకు కావాలి, పిల్లవాడి పేరు అక్కర్లేదు. వాళ్లకు ఎదురు వచ్చింది పిల్లవాడి నాయనమ్మ. “మా పోరని ఫోటో మీ బ్యానర్ల ఏస్తే చేతులు ఇరగ్గొడ్త. ఎవని మీద కోపం చేసుకోవాల్నో మాకు ఎర్కే. మీరెవర్రా నడుమల?” అని బర్రెలను తోలే కట్టె ఎత్తింది. వాళ్లు పోయారు. పోతూ పోతూ డ్రైవర్ ఇంటి తలుపు మీద రాయి విసిరి పోయారు.

రాయి పడ్డాక ఇల్లు గలాయన వచ్చి డ్రైవర్ భార్యను ఖాళీ చేయమన్నాడు. అప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఎందుకంటే ఆమె నన్ను రానివ్వడం మొదలుపెట్టింది. నా మీద ఇష్టం కలిగి కాదు. తన మీద అరవని మనిషి ఇంకొకరు దొరక్క. ఇల్లు గలాయన పోయాక ఆమె నా మీదే అరిచింది.

“ఫోన్ నేను చేసినా అని పోలీసులకు చెప్పిండు. నేను చేయలేదు! నా ఫోన్లో ఆ రోజు బ్యాలెన్సే లేదు. ఎవర్ని దాస్తున్నడు? ఎవతె అది? జైలుకు పోయి అడిగితే తల దించుకుంటడు. గల్లీ అంతా నన్ను చూసి, మొగనికి ఫోన్ చేసి పిల్లగాణ్ని చంపిందంటున్నరు. నేనేం చేసినా మేడమ్? చెప్పు!”

కూతురు ఆ గదిలోనే ఒక మూల కూర్చుని ఉంది. తల్లి లాడ్ బజార్ దుకాణాల నుంచి గాజులు తెచ్చి వాటి మీద అద్దపు రాళ్లు అతికిస్తుంది. పిల్లకు కూడా ఆ పని వచ్చు. తల్లి అరుస్తున్నంతసేపూ ఆ పిల్ల తల ఎత్తకుండా రాళ్లు అతికిస్తూనే ఉంది. కానీ ‘ఎవతె అది’ అన్న మాట దగ్గర పిల్ల చేయి ఆగింది. అది నేను చూశాను.

తర్వాత వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల పక్కన కూర్చుని నేనూ గాజులు తీసుకునేదాన్ని. ఏమీ అడగలేదు. ఒకరోజు తల్లి నీళ్లు పట్టుకోవడానికి బయటికి వెళ్లింది. నేను అతికిస్తున్న రాయిని పిల్ల చూసింది.

“ఉల్టా లగారే ఆప్” అంది. తలకిందులుగా పెడుతున్నారు అని.

ఆ మాట విని నేను గంతులు వేయలేదు. రాయి సరిగ్గా తిప్పి పెట్టాను. మరోసారి వెళ్లినప్పుడు ఇంకో మాట. కొన్నాళ్లకు, నా ముఖం వైపు చూడకుండా, చేతిలో గాజుతో మాట్లాడుతున్నట్టు ఆ సాయంత్రం సంగతి చెప్పింది.

వాన బాగా కొడుతోంది. నాన్న రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. చొక్కా జేబులో ఫోన్ మోగింది. నాన్న ఎత్తలేదు. మళ్లీ మోగింది, మళ్లీ మోగింది. ఎత్తమని పిల్లతో అన్నాడు. పిల్ల ఫోన్ తీసి, వాన చప్పుడుకు వినబడదని స్పీకర్ పెట్టి, నాన్న ముఖం దగ్గర పట్టుకుంది. అవతల పిల్లవాడి తల్లి. ఇంకా ఎంతసేపు భాయ్, చీకటి పడుతోంది, జల్ది రా అంటోంది. నాన్న వస్తున్నానని చెబుతూ ఫోన్ వైపు ముఖం తిప్పాడు. అప్పుడే చక్రం దిగింది.

“ఫోన్ మైచ్ పకడీ థీ” అంది ఆ పిల్ల. ఫోన్ పట్టుకున్నది నేనే. 

అది నీ తప్పు కాదని నేను చెప్పాను. చెప్పాల్సిన విధంగానే చెప్పాను. కానీ నా లోపల వేరే ఏదో రగులుతోంది. ఆ మనిషి, కుడితి కుమ్మరించిన ఆ మనిషి, అంతా తెలిసి ఒకణ్ని జైల్లో కూర్చోబెట్టింది. అతను ఆమె పేరు చెప్పకుండా కాచాడు, ఆమె అతని భార్యను వీధిలో చెప్పు చూపించి తిట్టింది. ఆ క్షణంలో ఆమె నా ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. ఇప్పుడు పాలవాళ్ల పాప అన్నం ఎందుకు ముట్టడం లేదో కూడా అర్థమైంది. స్పీకర్‌లో తల్లి గొంతు వెనక సీట్లో ఉన్న కూతురు కూడా విన్నది.

పిల్లలు నాకు చెప్పిన మాట ఇంకొకరికి మోయకూడదు. “ఇది ఇంకెవరికైనా చెప్పాలని ఉందా?” అని అడిగాను. గాజు కింద పెట్టి, “అమ్మీకి” అంది. తల్లి వచ్చాక నా ముందే చెప్పింది. నేను అనుకున్నది ఏమిటంటే, తల్లి పిల్లను దగ్గరికి తీసుకుంటుంది, ఏడుస్తారు, తర్వాత వకీలు దగ్గరికి వెళ్దామని నెమ్మదిగా చెప్పొచ్చు అని. ఆమె పిల్ల తల మీద ఒకసారి చేయి వేసింది. అంతే. బురఖా తొడుక్కుని, పిల్ల రెక్క పట్టుకుని వీధిలోకి దూకింది. నేను వెనక పరుగెత్తాను.

పాలు పితికే వేళ. పాల కోసం క్యాన్లు పట్టుకుని జనం గేటు ముందు ఉన్నారు. ఆమె గేటును రెండు చేతులతో బాదింది. ఈసారి తెలుగులోనే అరిచింది.

“బయటికి రా! ఫోన్ ఎవరు చేసిన్రో అందరికీ చెప్పు! జల్ది రా భాయ్ అన్నది ఎవరు?”

పిల్లవాడి తల్లి కొట్టంలోంచి వచ్చింది. చేతిలో కట్టె ఉంది. ఆ ప్రశ్న చెవిన పడగానే ఆమె ముఖం నల్లబడింది. నేను ఆ ముఖాన్నే చూస్తున్నాను, అందుకే గుర్తుంది.

“ఏం ఫోన్? నీ మొగడు నా కొడుకును సంపి జైల్ల కూసుంటే, ఇప్పుడొచ్చి నా మీద ఏస్తున్నవా? సిగ్గు లేదా నీకు?”

“నీకు లేదా సిగ్గు? నీ పేరు చెప్పకుండ నా పేరు చెప్పిండు వాడు!”

ఆమె కట్టె ఎత్తింది. ఎవరి మీదికి ఎత్తిందో ఆమెకు కూడా తెలిసి ఉండదు. నేను మధ్యలోకి వెళ్లాను. దెబ్బ నా భుజం మీద పడింది. మళ్లీ ఎత్తబోతుంటే లోపలి గుమ్మంలోంచి గొంతు వినబడింది.

“అమ్మా, నేను గూడ విన్న.”

కూతురు. చాలా రోజుల తర్వాత తల్లితో అన్న మొదటి మాట అది. తల్లి చేతిలో కట్టె అలాగే వాలిపోయింది. నాయనమ్మ వచ్చి కోడలి భుజం పట్టుకుని లోపలికి లాగి గేటు వేసింది.

క్యాన్లు పట్టుకున్నవాళ్లలో నుంచి ఒక పెద్దమనిషి అన్నాడు: “అంటే తల్లే సంపుకున్నదన్నట్టు.” మొన్నటిదాకా డ్రైవర్‌ను ఉరి తీయాలన్నదీ అతనే. ఆ గల్లీలో నాకు నిజంగా అసహ్యం కలిగించిన మనిషి అతనొక్కడే. “నువ్వు పాలు తీస్కొని ఇంటికి పో” అన్నాను. “నీకెందుకు? నువ్వెవరు?” అన్నాడు. డ్రైవర్ భార్య కూడా అతని వైపు చూసి, “ఏయ్, నోరు ముయ్” అంది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు గూడ పో. అందరు ఒకటే” అని పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు భుజం పైకి లేవలేదు. ఆ తర్వాత పాలవాళ్ల నాయనమ్మ బడికి వచ్చి నన్ను రమ్మని చెప్పి పోయింది. కొట్టం వైపు తలుపు గుండా లోపలికి తీసుకెళ్లింది. కోడలు నేల మీద కూర్చుని ఉంది.

“కూసో. మాట్లాడకు” అంది.

కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది.

“రోజు చేస్త ఫోన్. లేటైతే చేస్త. వాన పడ్తుంటె ఏ తల్లి చెయ్యదు? తడుస్తరని, జరం వస్తదని జల్ది రమ్మన్న. గంతే అన్న. దానికే నా కొడుకు పోవాల్నా?” గొంతు పెరిగింది. “వాడు నా పేరు చెప్తే నేను గప్పుడే చచ్చేదాన్ని. చెప్పలే. ఎందుకు చెప్పలే? నా మీద దయనా? వాని దయ నాకెందుకు?”

ఓదార్చడానికి నాకు మాటలు వచ్చు. ఎన్నో ఇళ్లలో వాడిన మాటలు. అవేవీ ఆమెకు పనికిరావు. “ఇది నాకు గాదు చెప్పేది. పాప లోపల్నే ఉన్నది” అన్నాను.

“నాకు నువ్వు చెప్తవా?” అని కసిరింది. కానీ కూతుర్ని పిలిచింది. పిల్ల వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

“ఫోన్ నేనే చేసిన బిడ్డా. నువ్వు, తమ్ముడు తడుస్తరని చేసిన.”

“నాకు ఎర్కనే” అంది పిల్ల. “మరి భాయ్‌ని ఎందుకు తిట్టినవ్?”

  పిల్ల తల్లినీ నాయనమ్మనూ చూసి, లోపలికి పోయింది. ఆ పూట కూడా తల్లి పెట్టిన అన్నం తినలేదు. ఎన్నో వారాలు పట్టింది. మొదట నాయనమ్మ కలిపితే తల్లి ఎదురుగా కూర్చుని తిన్నది. తర్వాత ఒకరోజు, తల్లి వడ్డిస్తుంటే వద్దనలేదు. బడిలో నన్ను కలిసినప్పుడు తమ్ముడి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. వాడు సీటు కోసం రోజూ తనతో కొట్లాడేవాడట. అది చెబుతూ నవ్వింది, తర్వాత చాలాసేపు ఏడ్చింది.

ఆ రోజు నేను లేచి వస్తుంటే కోడలు వెనక నుంచి అడిగింది. “ఆ పోరి ఫోన్ పట్టుకున్నదంట గదా, గల్లీల అంటున్నరు. దానివల్లనే అయిందనుకుంటుందంట గదా. దానిది తప్పు లేదని చెప్పు.”

“నేను ఎప్పుడో చెప్పిన. నేను చెప్తే ఏమైతది? నువ్వు చెప్పాలె.”

“ఆ గడప నేను తొక్క. నువ్వు ఇగ నడువు” అంది. అలా ఆ ఇంట్లోంచి మళ్లీ గెంటించుకున్నాను.

డ్రైవర్‌కు బెయిలు దొరికింది. ఫోన్ సంగతి తన వకీలుకు కూడా చెప్పనన్నాడు. భార్య ఎంత అరిచినా, “హ్యాండిల్ నా చేతుల్లనే ఉండె” అనేవాడు. ఆమె అతన్ని క్షమించిందో లేదో నాకు తెలియదు. తన పేరు ఎందుకు చెప్పావని నా ముందే ఎన్నోసార్లు నిలదీసింది. ఆ గల్లీలో ఇక ఉండలేక నాలా అవతల వాళ్ల చుట్టాల దగ్గర గది చూసుకున్నారు.

సామాను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తున్న పొద్దున నేను అక్కడే ఉన్నాను. పిల్ల అప్పటికి ఇంట్లో మాట్లాడుతోంది, బయట మాత్రం పెదవి విప్పడం లేదు. ఒక సంచీ గుండెలకు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. పాలవాళ్ల కోడలు మలుపు తిరిగి రావడం చూశాను. చేతులకు పేడ ఇంకా ఉంది. ట్రాలీకి కాస్త దూరంలో నిలబడింది. డ్రైవర్ తల దించుకుని ఇంట్లోకి పోయాడు. ఆమె అతని వైపు చూడలేదు. పిల్లతో, తనకు వచ్చిన ఉర్దూలో, గొడవ పెట్టుకుంటున్నంత గట్టిగా అంది:

“సున్. ఫోన్ మైచ్ కరీ. తూ ఖాలీ పకడీ. తేరీ గల్తీ కుచ్ నై.”

ఫోన్ చేసింది నేనే, నువ్వు ఊరికే పట్టుకున్నావు, నీ తప్పేం లేదు అని. పిల్ల ఆమెను కళ్లార్పకుండా చూసింది. తర్వాత, వీధిలో అందరి ముందూ, “జీ ఆంటీ” అంది.

పిల్ల తల్లి గుమ్మంలోకి వచ్చింది. “అయిందా? ఇగ పో ఇక్కడి నుంచి” అంది.

“పోతున్న. నీ ఇంట్ల కూసోనీకి రాలే” అని ఈమె వెనుదిరిగింది. నేను రెండడుగులు ఆమెతో నడిచాను. “నా వెంట రాకు” అంది. ఆగిపోయాను.

ఇది జరిగి చాలా కాలమైంది. డ్రైవర్ కూతురు కొత్త బడిలో మాట్లాడుతోంది. పద్యం చెప్పమంటే లేచి చెబుతుందని వాళ్ల టీచర్ అన్నది. ఇద్దరు పిల్లలూ మళ్లీ కలవలేదు. కలపమని నేను అడిగితే రెండిళ్లవాళ్లూ వద్దన్నారు. పాలవాళ్ల కోడలు ఉప్పుగూడ స్టేషన్ దగ్గర అప్పుడప్పుడూ ఎదురవుతుంది. కూతురు చేయి పట్టుకుని ఉంటుంది. కూతురు నా వైపు చూసి చేయి ఊపుతుంది. తల్లి ముఖం తిప్పుకుని, పిల్లను లాక్కుని, అవతలి ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కుతుంది.